గడి, గడ్డి, మధ్యలో ఒక పాట

మా అక్క కూతురికి తొమ్మిది నెలలు. ఏడుపు మొదలెడితే చాలు, ఫోన్‌లో రైమ్స్ పెట్టేస్తాం. "పాటలు వింటే మాటలు తొందరగా వస్తాయంట, నిజమేనా రా?" అని అక్క అడిగింది. కంప్యూటర్ సైన్స్ తమ్ముడికి అన్నీ తెలుసని తన నమ్మకం. సరే, వెతికాను.

2016లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో క్రిస్టినా ఝావ్, పట్రీషియా కూల్ సరిగ్గా ఈ వయసు పిల్లల మీదే చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. మొత్తం 39 మంది పిల్లలు. ఒక గుంపు 12 సార్లు, సారికి 15 నిమిషాలు, మూడు దెబ్బల వాల్ట్జ్ సంగీతంతో ఆడింది. మన త-కి-ట లాంటి నడక అది. అమ్మానాన్నలు పక్కనే ఉండి పిల్లలతో తాళం వేయించారు. రెండో గుంపు సంగీతం లేకుండా బొమ్మలతో ఆడింది.

తర్వాత ఎంఈజీ యంత్రంతో మెదడు స్పందన కొలిచారు. సంగీతంలో తాళం తప్పినప్పుడు మొదటి గుంపు పిల్లల మెదడు బలంగా స్పందించింది. అది ఊహించిందే. కానీ మాటల్లో 'బిబి', 'బిబ్బి' తేడా వచ్చినప్పుడు కూడా అంతే! ఫోన్ కీబోర్డ్ తర్వాతి పదాన్ని ఊహించినట్టు, మెదడు తర్వాతి శబ్దాన్ని ఊహిస్తుంది. ఆ ఊహకి లయ సాయం చేస్తుందన్నమాట.

'బిబి, బిబ్బి' దగ్గర నేను ఆగిపోయాను. మనకి గడి వేరు, గడ్డి వేరు. కల వేరు, కల్ల వేరు. ఛందస్సులో 'గడి' రెండు లఘువులు, అంటే రెండు మాత్రలు. 'గడ్డి' గురువు, లఘువు కలిసి మూడు మాత్రలు. ఒత్తు అంటే కాగితం మీద గీత కాదు, కాలం. ఇంగ్లీషులో 'హ్యాపీ'కి రెండు 'పి'లు రాస్తాం, పలికేది ఒక్కటే. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను డిక్టేషన్‌లో ఒత్తులు ఎందుకు మింగేసేవాడినో ఇప్పుడు కొంచెం అర్థమైంది.

అక్కకి రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఆ పిల్లలకి మాటలు ముందే వచ్చాయని ఈ ప్రయోగం చెప్పలేదు. కొలిచింది మెదడు స్పందన మాత్రమే. రెండు, అక్కడ పాట ఒక్కటే లేదు, పక్కన మనిషి కూడా ఉన్నాడు.

ఇప్పుడు సెలవుల్లో ఇంటికెళ్తే ఫోన్ పక్కన పెట్టి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని త-కి-ట వేస్తున్నా. తాళం తప్పేది నేనే. అప్పుడు పాప ఆగి నా మొహం చూస్తుంది.