ఒక కొండ, ఒక నది, మూడు ప్రశ్నలు



ఈ నెల ఏడో తరగతి ఇంగ్లిష్ క్లాసులో ఒక ట్రావెల్ ప్యాసేజ్ చదివించాను. అమెరికాలో భార్యాభర్తలిద్దరు, వంటగది, పడక అన్నీ లోపలే ఉన్న మోటార్‌హోమ్‌లో బయల్దేరతారు. సౌత్ డకోటా రాష్ట్రంలో నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కొండను, దగ్గర్లోని కస్టర్ స్టేట్ పార్కులో మందలుగా తిరిగే బైసన్లను చూసి వస్తారు. చదవడం అయ్యాక ఒక బాబు లేచి, "మేడమ్, మన దగ్గర అట్లాంటివి ఉండవు కదా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ నెల పాఠం. మన చిట్కుల్ నుంచి సంగారెడ్డి దాటితే మంజీర అభయారణ్యం ఉంది. ఇంకా ముందుకు పోతే కొండ మీద మెదక్ కోట ఉంది. మోటార్‌హోమ్ అక్కర్లేదు. బండి మీదో, ఆర్టీసీ బస్సులోనో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అయితే ఫొటోలు దిగి వచ్చేస్తే అది విహారం మాత్రమే అవుతుంది. పాఠం కావాలంటే ప్రతి చోటా పిల్లలను ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. దీన్ని ఎవరు కట్టించారు? ఎవరి చేతులు కట్టాయి?
2. అంతకుముందు ఈ చోటు ఎవరిది?
3. ఇప్పుడు ఇక్కడ ఏ ప్రాణులు బతుకుతున్నాయి? వాటికి ఏం కావాలి?

క్లాసులో ముందు మౌంట్ రష్‌మోర్ మీదే ఈ ప్రశ్నలు వేశాం. శిల్పి గట్జన్ బోర్గ్లమ్ పని 1927లో మొదలై 1941లో ముగిసింది. ఒక్కో ముఖం ఎత్తు సుమారు 60 అడుగులు. రాయి తొలిచింది వందలమంది కూలీలు. ఇక రెండో ప్రశ్న. ఆ బ్లాక్ హిల్స్ లకోటా అనే ఆదివాసులకు పవిత్రమైన కొండలు. 1868 ఒప్పందంలో అవి వారివేనని ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత బంగారం బయటపడటంతో 1877లో తీసేసుకుంది. పరిహారం ఇవ్వాలని 1980లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లకోటాలు ఆ డబ్బు వద్దన్నారు, మా కొండలే కావాలన్నారు. ఇది విన్నాక పిల్లలు ఆ బొమ్మను రెండోసారి చూసిన చూపు వేరు.

ఇప్పుడు మన మెదక్. కోట కాకతీయుల కాలం నాటిది. లోపల కుతుబ్‌షాహీల కాలపు మసీదు కూడా ఉంది. అంటే ఒకే కొండ మీద రెండు రాజ్యాల గుర్తులు. ద్వారాల మీద గండభేరుండం, ఏనుగులు ఎక్కడున్నాయో పిల్లలనే వెతకమనండి. ఊళ్లోని చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్. కట్టింది మాత్రం కరువు రోజుల్లో పనికి వచ్చిన చుట్టుపక్కల ఊళ్ల జనం. దాని గోపురం 175 అడుగులు. రష్‌మోర్ ముఖాలు ఒకదానిపై ఒకటి పెడితే ఎన్ని కావాలి? లెక్క పిల్లలకే వదిలేయండి.

మూడో ప్రశ్నకు మంజీర మంచి చోటు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడివి మగ్గర్ జాతి మంచినీటి మొసళ్లు. ఒడ్డున నోరు తెరుచుకుని కదలకుండా పడుకుంటాయి. అది ఆకలితో కాదు, ఒంటి వేడిని సర్దుకోవడానికి. చలికాలంలో హిమాలయాలు దాటి పట్టెతల బాతులు వస్తాయి. వీటన్నిటికీ కావాల్సింది శుభ్రమైన నీరు, మనిషి అలజడి లేని ఒడ్డు. మనకూ ఆ నీరే కావాలి. 1965లో హైదరాబాద్‌కు మంజీర తాగునీరు రావడం మొదలైంది. మన పటాన్‌చెరు వైపు నుంచి పారే నక్కవాగు కూడా చివరికి మంజీరలోనే కలుస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఈ ప్రాంతం నీరు పాడైందని 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనలో చాలామందికి అన్నం పెట్టేది ఆ ఫ్యాక్టరీలే. అందుకే ఈ మాట పిల్లలతో దాచకుండా, ఎవరినీ తిట్టకుండా మాట్లాడుకోవాలి. ఉద్యోగమూ కావాలి, వాగూ కావాలి అంటే ఏం చేయాలో వాళ్లనే ఆలోచించనివ్వండి.

ఒక తండ్రి నాతో, "మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్, ప్రాజెక్టుల్లో మేమేం సాయం చేస్తాం?" అన్నారు. ఆయన షిఫ్టు డ్యూటీ చేస్తారు, ఊళ్లో వ్యవసాయం చేసిన మనిషి. మెదక్ దగ్గరి పోచారం చెరువు ఫొటో చూపించాను. కట్ట ఎక్కడ, తూము ఎక్కడ, వానలు పడితే అలుగు ఎటు దుంకుతుంది, అలుగు లేకపోతే కట్ట ఎందుకు తెగుతుంది, అన్నీ వేలు పెట్టి చూపిస్తూ చెప్పారు. వాళ్లమ్మాయి అలుగు అనే మాట వినడం అదే మొదటిసారి. సర్‌ప్లస్ వియర్ అనే ఇంగ్లిష్ మాట నేను చెప్పాను. నీళ్లు ఎందుకు పొర్లాలో తండ్రి చెప్పారు. ఆ రోజు పాఠంలో సగం ఆయనదే. ఆ సగం నాకు రాదు.

కాబట్టి ఈసారి వీక్లీ ఆఫ్ ఏ వారం వచ్చినా సరే, పిల్లలకు సెలవు కలిసిన రోజు చూసుకుని ఒక చోటికి వెళ్లి రండి. మంజీరకు వెళ్లేముందు అటవీ శాఖ వారిని అడిగి వెళ్లండి. నీటి అంచుకు దిగకండి, జంతువులకు తిండి వేయకండి, ప్లాస్టిక్ కవర్లు తిరిగి తెచ్చేయండి.

వచ్చాక నోట్‌బుక్‌లో రెండు పేజీలు చాలు. ఒక పేజీలో మూడు ప్రశ్నలకు జవాబులు ఇంగ్లిష్‌లో. రెండో పేజీలో మీరు చెప్పిన ఐదు తెలుగు మాటలు, వాటి అర్థాలు. మెదక్‌కు మెతుకుదుర్గం అనే పాత పేరు ఉంది. మెతుకు అంటే ఏమిటో మీ పిల్లలను అడిగి మొదలుపెట్టండి. తెలియకపోతే ఆ రోజు అన్నం పెట్టేటప్పుడు చూపించండి.