సాఫ్ట్‌వేర్‌కు కరదీపిక

శాస్త్ర విషయాలు ఇంగ్లీషు చదివినవారికే పరిమితమైన కాలంలో, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు (1848-1919) వాటిని తెలుగు వచనంలో రాయడానికి పూనుకొన్నారు. ఆయన ఆ శాస్త్రాలను కనుగొన్నవారు కారు. తెలిసినదానిని తెలియనివారికి అందించినవారు. కంప్యూటర్ రంగంలో అటువంటి రచనకే డాక్యుమెంటేషన్ అని పేరు.

సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకొని, పరిశీలించి, మార్చి, ఇతరులకు పంచగలగాలనే ఆశయంతో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించారు. తెలుగునాట 2005లో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పనిని చేపట్టింది. అయితే మెనూలోని పదాలు తెలుగులోకి వచ్చినంత మాత్రాన పని చేయడం తెలియదు. ‘భద్రపరచు’ అనే మాట తెరపై కనబడుతుంది. ఏ పేరుతో, ఎక్కడ భద్రపరచాలో చెప్పేవారు ఉండరు. రావులపాలెంలోనో నరసాపురంలోనో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి కళాశాల ప్రయోగశాలలో ఎదురయ్యే చిక్కు ఇదే. పక్కవారిని అడగడానికి బిడియం. ఇంగ్లీషు కరదీపిక చదవడానికి భాష చాలదు. అందరిదైన ఆ సాఫ్ట్‌వేర్ ఆ విద్యార్థికి మాత్రం అందదు.

2017లో గిట్‌హబ్ సంస్థ జరిపిన సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన, కాలం చెల్లిన వివరణలను సమస్యగా పేర్కొన్నారు. అయినా సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో పాలుపంచుకొనేవారిలో 60 శాతం మంది వాటిని అరుదుగా రాస్తామనో, అసలే రాయమనో చెప్పారు. ఇందులో వింత లేదు. ప్రోగ్రామర్‌కు అంతా తెలుసు కనుక, తాను ఏది చెప్పకుండా వదిలాడో అతనికే తెలియదు. కొత్తగా నేర్చుకొనేవాడు తనకేమీ రాదని వెనుకాడుతాడు. నిజానికి ఈ పనికి ఇతడే తగినవాడు. నిన్న ఎక్కడ తడబడ్డాడో ఇతనికి ఇంకా గుర్తుంటుంది. ఏడాది గడిస్తే మరచిపోతాడు.

‘ఎవరైనా రాయండి’ అని పిలుపునిస్తే ముందుకు వచ్చేవారు తక్కువ. లిబ్రేఆఫీసులో తెలుగులో సెలవు చీటీ టైపు చేసి అచ్చు తీయడం ఎలాగో ఒక్క పుట రాయమంటే పని చేతికి అందేదిగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘క్క’ రావాలంటే ఇంగ్లీషు కె, డి, కె మీటలను వరుసగా నొక్కాలి. ఇంత చిన్న విషయం తెలియకనే కొత్తవారికి అరగంట వృథా అవుతుంది. రాసిన పుటను ఆ పని ఎరుగని సహాధ్యాయి చేతికిచ్చి, నోరు విప్పకుండా పక్కన కూర్చోవాలి. అతడు ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం కొరవడిందన్నమాట. రాసినవారి పేరుతోపాటు, ఆ లోపాన్ని చూపినవారి పేరు కూడా పుటపై ఉండడం న్యాయం.

సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా పాత సూచనలు కొన్ని పనికిరాకుండా పోతాయి. అందువల్ల కరదీపికను సవరించే హక్కు కూడా పాఠకులకు ఉండాలని 2000లో గ్నూ స్వేచ్ఛా డాక్యుమెంటేషన్ లైసెన్సు వెలువడింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తన తొలి సంవత్సరాలలో ఈ లైసెన్సు కిందనే పెరిగింది. ఇటువంటి లైసెన్సు ఉన్నచోట రాజమహేంద్రవరం విద్యార్థి రాసిన పుటను భీమవరం విద్యార్థి దిద్దవచ్చు. మొదటివారి పేరు నిలిపి, అవే షరతులతో తిరిగి ప్రకటించాలి.