గూటి తలుపు

ఎచ్చెర్ల ప్రాంతపు పల్లెలలో ఇల్లాలి చేతిఖర్చుకు గుడ్లమ్మిన సొమ్మే ఆధారం. అందుచేత పగలు కోళ్ళను విడువవలెనా, వద్దా అన్నది ఆమెకు చిన్న ప్రశ్న కాదు. విడిచితే పురుగులను, కళ్ళంలో రాలిన గింజలను ఏరుకొని తింటాయి, మేతఖర్చు తగ్గుతుంది. కాని ఆకాశాన గద్ద, కంచెమాటున ముంగిస పొంచి ఉంటాయి. పొరుగువారి నారుమడిలో దిగితే వచ్చే తగవు గద్దకంటె ప్రమాదకరం!

హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ రకం నాటుకోడికంటె బరువైనది. శత్రువును చూచి చప్పున తప్పుకోలేదు. ఆరు వారాల వరకు పిల్లలను ఇంటిపట్టున పెంచి, కొక్కెర వ్యాధికి టీకా వేయించి, పిమ్మటనే విడువవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినది. అటువంటి రోజులలో నీటిపక్షులు వాలే చెరువుగట్టుకు కోడిని పోనీయక, గూటి తలుపు మూసి ఉంచుటే మేలు.