బావి ఒకరిది – నీరు అందరిది

పొలం నాది. పొలంలో బావి నాది. మరి ఆ బావిలోని నీరు ఎవరిది?

"అదేం ప్రశ్న? నీరు కూడా నాదే!" అని వెంటనే జవాబు చెప్పాలనిపిస్తుంది. ఒకప్పుడు ఇంగ్లండులో న్యాయమూర్తులు కూడా ఇంచుమించు అలాగే చెప్పారు. కాని భూమి లోపల నీరు ఎలా నడుస్తుందో తెలిసినవారు ఈ జవాబును ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో తెలుసుకోవడానికి మనం ఒకసారి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాన్ని పరిశీలిద్దాం.

కాలువ ఎక్కని నేలలు

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా నిజామాబాదు జిల్లాలో వుండేది. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇక్కడిదే. 1922లో పూర్తయిన పోచారం జలాశయం కూడా ఇక్కడిదే. అయితే కాలువ నీరు పల్లానికి పారుతుంది గాని మెరకకు ఎక్కదు గదా! కనుక కాలువలు అందని మెట్ట భూములకు చెరువులూ బావులే దిక్కు.

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ లింగంపేట వుంది. అక్కడ నాగన్న బావి అనే పాత మెట్ల బావి వుంది. రాతి మెట్ల మీదుగా నీటి దాకా దిగి వెళ్ళవచ్చు. ఇటీవలి సంవత్సరాలలో దాన్ని శుభ్రం చేసి బాగుచేశారు. ఇలాంటి బావులు తాగునీటికి. పొలాలకు మోట బావులు వుండేవి. రెండు ఎద్దులు మోటను లాగి నీరు పైకి తెచ్చేవి. ఎద్దులు అలసిపోతే మోట ఆగిపోయేది. ఈలోగా బావిలో మళ్ళీ నీరు ఊరేది. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. ఆ తర్వాత బోరు బావులు వచ్చాయి. మోటారుకు అలసట లేదు. అసలు చిక్కు అక్కడే మొదలయింది.

రాతిలో నీరు ఎక్కడ వుంటుంది?

భూమి లోపల పెద్ద నది పారుతూ వుంటుందనీ, బోరు దాన్ని తాకితే చాలుననీ చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో నేల కింద ఎక్కువగా వున్నది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్ళు. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. రాయిలో ఇసుకలో వున్నట్టు ఖాళీలు వుండవు. మరి నీరు ఎక్కడ నిలుస్తుంది?

పైన మట్టి వుంటుంది. దాని కింద మొరం వుంటుంది. ఎండకు, వానకు, గాలికి లక్షల సంవత్సరాలుగా పొడిబారి మెత్తబడిన రాయే ఈ మొరం. దీని మందం చాలాచోట్ల పది, ఇరవై మీటర్లకు మించదు. ఈ పొర స్పంజిలాగా నీటిని పట్టి వుంచుతుంది. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడ పగుళ్ళు. పై పొరలోని నీరు ఈ పగుళ్ళలోకి దిగుతుంది.

లోతుకు పోయినకొద్దీ పైనున్న రాతి బరువు పెరుగుతుంది. ఆ బరువుకు పగుళ్ళు మూసుకుపోతాయి. అందువల్ల మూడు వందల అడుగుల దాకా నీరు పడని చోట వెయ్యి అడుగులు వేసినా పడుతుందన్న నమ్మకం లేదు. ఎంత లోతు తవ్వితే అన్ని నీళ్ళు అనే లెక్క ఈ నేలకు చెల్లదు.

ఒకవేళ లోతైన పగులులో నీరు పడిందే అనుకుందాం. అది ఎక్కడిది? పక్క పొలం కింది నుంచి, ఊరి చెరువు కింది నుంచి, తాగునీటి బావి కింది నుంచి పగుళ్ళ దారిన వచ్చినదే. గట్టు మీద పాతిన హద్దు రాయి పైన వున్న భూమిని విడదీస్తుంది. కింద వున్న నీటిని విడదీయలేదు.

మీరే చేసి చూడండి

ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా సన్నని ఇసుక పోయండి. ఇసుకలో సగం ఎత్తు వరకు నిలిచేటట్టు నీరు పోయండి. లోపల కనిపించే గొట్టాలు మూడు తీసుకుని, అడుగున పలుచని గుడ్డ కట్టండి. ఒకటి తొట్టి మధ్యలో, ఒకటి దానికి నాలుగు వేళ్ళ దూరంలో, మూడవది తొట్టి అంచున నిలబెట్టండి. కాసేపటికి మూడు గొట్టాలలోనూ నీరు ఒకే మట్టానికి వస్తుంది.

ఇప్పుడు మధ్య గొట్టంలోకి సన్నని రబ్బరు గొట్టం దించి, పెద్ద సిరంజితో నీరు ఆగకుండా లాగండి. ఏం జరిగింది? మధ్య గొట్టంలో నీరు బాగా దిగిపోయింది. దగ్గరి గొట్టంలో కూడా దిగింది. అంచున వున్నదానిలో మార్పు తక్కువ.

నీరు లాగుతున్న బావి చుట్టూ నీటి మట్టం ఒక గరాటు ఆకారంలో కుంగుతుంది. దీన్ని కుంగుదల శంకువు అంటారు. ఎంత ఎక్కువసేపు లాగితే శంకువు అంత వెడల్పవుతుంది. రెండు బావుల శంకువులు కలిశాయంటే రెండిటిలోనూ నీరు తగ్గుతుంది. తక్కువ లోతు వున్న బావి ముందుగా ఎండుతుంది. పల్లెలో తక్కువ లోతు బావి ఎవరిదై వుంటుంది? సాధారణంగా బీద రైతుది. లేదా ఊరందరూ తాగే పాత చేదబావి.

ఒక చిన్న లెక్క

ఒక ఎకరం అంటే సుమారు 4047 చదరపు మీటర్లు. ఈ ప్రాంతంలో ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్లు, అంటే ఒక మీటరు వాన పడుతుంది. అంటే ఎకరం మీద పడే వాన దాదాపు 40 లక్షల లీటర్లు. చాలా నీరే! కాని అందులో ఎక్కువ భాగం ఆవిరవుతుంది, మొక్కలు తీసుకుంటాయి, వాగుల్లో పోతుంది. ఇలాంటి రాతి నేలల్లో భూగర్భానికి చేరేది సుమారు పదో వంతు, అంటే 4 లక్షల లీటర్లు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ఒక ఎకరం వరి పంటకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే దాదాపు 48 లక్షల లీటర్లు! వేసవి ముందు బోరు నీటితో ఒక ఎకరం వరి పండించాలంటే పన్నెండు ఎకరాల కింద ఇంకిన నీటిని తోడాలన్న మాట. పొలంలో పెట్టిన నీటిలో కొంత మళ్ళీ కిందికి ఇంకుతుంది. చెరువుల నుంచి కొంత చేరుతుంది. అయినా తేడా చిన్నది కాదు. మొక్కజొన్నకైతే ఇందులో సగం నీరు చాలు.

న్యాయస్థానం ఏమంది?

1843లో ఇంగ్లండులో ఒక వివాదం నడిచింది. ఒకరికి నూలు మిల్లు వుంది. మిల్లుకు బావి నీరే ఆధారం. దగ్గరలో మరొకరు బొగ్గు గని తవ్వారు. బావి ఎండిపోయింది. మిల్లు యజమాని న్యాయస్థానానికి వెళ్ళాడు. తన భూమిలో తాను తవ్వుకుంటే పక్కవాడి బావి ఎండినా తప్పు కాదని తీర్పు వచ్చింది. భూమిలోపల నీరు ఎలా కదులుతుందో అప్పటికి స్పష్టంగా తెలియదు. ఇదే ఆలోచన 1882లో మన దేశంలో చేసిన ఈజ్‌మెంట్ల చట్టంలో కూడా చోటు చేసుకుంది. భూమి ఎవరిదైతే దాని కింది నీరు తోడుకునే హక్కు వారిదే అనే భావన అలా స్థిరపడింది.

మోట కాలంలో ఈ భావన వల్ల పెద్ద నష్టం లేదు. బోర్ల కాలంలో ఊళ్ళకు తాగునీరే కరువయింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 1996లో తాగునీటి రక్షణ కోసం భూగర్భ జలాల చట్టం చేశారు. 2002లో దాని స్థానంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దీన్నే అందరూ 'వాల్టా' అంటారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ఇక్కడ కూడా ఈ చట్టమే కొనసాగింది. జిల్లాలో కలెక్టరు, మండలంలో తహసీల్దారు దీని అమలు చూస్తారు.

ఈ చట్టంలోని ముఖ్యమైన నియమాలు చూడండి. బావులను నమోదు చేయించాలి. బోరు బండ్లను కూడా నమోదు చేయించాలి. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి తవ్వరాదు. నీరు మరీ తోడేసిన ప్రాంతాలను గుర్తించి, అక్కడ కొత్త బావులను కొంతకాలం ఆపవచ్చు. తాగునీటికి ముప్పు వస్తే నీరు తోడటాన్ని కూడా కొంతకాలం నిలిపివేయవచ్చు.

ఈ 250 మీటర్లు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయి వుంటుంది. తొట్టిలో నాలుగు వేళ్ళ దూరంలోని గొట్టానికీ అంచున వున్న గొట్టానికీ తేడా చూశారు గదా! నియమం వెనుక వున్నది ఆ శంకువే.

బావికి నోరు ఎలా వుండాలి?

నీరు తరిగిపోవడం ఒక ప్రమాదం. చెడిపోవడం మరొక ప్రమాదం.

1854లో లండన్‌లోని బ్రాడ్ వీధిలో కలరా సోకి పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను ఒక్కొక్కటిగా గుర్తించి, వారిలో ఎక్కువమంది ఒకే పంపు నీరు తాగినట్టు కనుగొన్నాడు. ఆయన మాట మీద ఆ పంపు పిడి తీసివేశారు. తర్వాత తవ్వి చూస్తే, బావికి దాదాపు మూడడుగుల దూరంలోనే ఒక మురుగు గుంట వుంది! ఇటుకలు శిథిలమై మురుగు బావి వైపు ఊరింది.

మన మెట్ల బావులకు కూడా ఒక లోపం వుండేది. నారికురుపు వున్న మనిషి నీటిలో కాలు పెడితే ఆ పురుగు పిల్లలు నీటిలో చేరేవి. నీటిలోని కంటికి సరిగా ఆనని చిన్న పురుగులు వాటిని మింగేవి. ఆ నీరు తాగినవారికి మళ్ళీ నారికురుపు వచ్చేది. మందు లేదు, టీకా లేదు. తాగునీటికి వాడే దిగుడు బావులను గట్టు కట్టిన చేదబావులుగా మార్చడం, నీరు వడగట్టి తాగడం, చేతి పంపులు పెట్టడం వంటి పనులతోనే ఆ జబ్బు పోయింది. 2000లో భారతదేశం ఆ జబ్బు నుంచి విముక్తి పొందినట్టు ప్రకటించారు.

అందుకే మంచి బావికి చుట్టూ గట్టు, వాలుగా సిమెంటు చప్టా వుండాలి. మరుగుదొడ్డి గుంట, పెంటకుప్ప దూరంగా వుండాలి. బోరుకు మెత్తని పొర దాటి గట్టి రాయి తగిలేదాకా కేసింగు పైపు దించాలి. లేకపోతే పైనుండే మురికి నీరు పైపు పక్క నుంచి నేరుగా పగుళ్ళలోకి దిగుతుంది. మట్టి పొరల గుండా మెల్లగా దిగే నీరు చాలావరకు వడపోత అవుతుంది. బోరు రంధ్రం గుండా దిగే నీటికి ఆ వడపోత వుండదు.

నీరు పడని బోరును అలాగే వదిలేస్తే ఇంకా ఘోరం జరగవచ్చు. 2020 మే నెలలో ఎల్లారెడ్డికి పొరుగున వున్న మెదక్ జిల్లాలో, పాపన్నపేట మండలంలోని ఒక ఊళ్ళో, నీరు పడక మూయకుండా వున్న కొత్త బోరులో మూడేళ్ళ బాలుడు పడిపోయాడు. రాత్రంతా తవ్వినా ప్రాణం దక్కలేదు. ఇలాంటివి జరగకూడదనే 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దేశమంతటికీ నియమాలు చెప్పింది. బోరు వేయడానికి 15 రోజుల ముందే అధికారులకు రాసి తెలపాలి. వేసే చోట బోర్డు పెట్టాలి, చుట్టూ ముళ్ళకంచె వేయాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి. పైపు నోటికి ఉక్కు మూత బిగించాలి. పంపు మరమ్మతుకు తీసినప్పుడు కూడా తెరిచి వుంచరాదు. పనికిరాని బోరును అడుగు నుంచి పైదాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలి.

చట్టం ఒక్కటే చాలదు

ఇంత చట్టం వున్నా అనుమతి లేని బోర్లు ఎందుకు పడుతున్నాయి? ఎండుతున్న పంటను చూస్తూ ఊరుకోవడం ఏ రైతుకైనా కష్టం. అప్పు తెచ్చి బోరు వేస్తాడు. పడకపోతే మరొకటి వేస్తాడు. పక్కవాడు వేశాడు గనుక తానూ వేస్తాడు. అతడు చెడ్డవాడు కాదు. కాని అందరూ అలాగే చేస్తే చివరకు అందరి బోర్లూ ఎండుతాయి. పూడ్చని ప్రతి బోరూ ఒక ప్రమాదమై మిగులుతుంది.

కాబట్టి తోడటం తగ్గించాలి, ఇంకించడం పెంచాలి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలయింది ఈ ప్రాంతంలోనే, సదాశివనగర్ చెరువు దగ్గర. చెరువు నిండితే చుట్టూ వున్న బావులకు ఊట వస్తుంది. ఈ సంగతి మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు.

మీరేం చేయగలరు? మీ ఊరి పటం గీసి, తాగునీటి బావులు, బోర్లు, చెరువు గుర్తించండి. దూరాలు కొలవండి. గట్టు వున్న చేదబావిలో, పెద్దవారి తోడుతో, ముడులు వేసిన తాడుకు రాయి కట్టి దించి ప్రతి నెల మొదటి తేదీన నీటి మట్టం కొలిచి రాసుకోండి. ఏడాది గడిస్తే వాన ఎప్పుడు బావికి చేరుతుందో, ఏ నెలలో మట్టం పడిపోతుందో మీ నోటుబుక్కే చెబుతుంది. మూత లేని బోరు కనిపిస్తే దగ్గరకు పోకండి. వెంటనే ఇంట్లో పెద్దలకు, సర్పంచికి చెప్పండి. మీ లెక్కలను గ్రామసభలో మీ ఉపాధ్యాయునిచేత చదివించండి. ఊరి నీటి జమాఖర్చు తెలిసిన ఊరు ఎన్ని ఎకరాల్లో వరి వేయాలో తానే నిర్ణయించుకోగలదు.