గుండెలో బూజు

ఏడో నెలలోనే కోడలికి నొప్పులు వచ్చాయి. పెద్దాసుపత్రిలో కాన్పు అయింది. ఆడపిల్ల. బరువు కిలో కూడా లేదు. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు.

"ఏడో నెల బిడ్డ బతుకుద్ది. ఎనిమిదో నెల బిడ్డే బతకదు" అంది అత్త. ఈ మాట చాలామంది అంటారు. అది నిజం కాదు. 37 వారాల లోపు పుట్టే బిడ్డకు, కడుపులో ఒక్క వారం ఎక్కువ ఉన్నా మేలే.

బిడ్డ పాలు తాగలేదు. అందుకని బొడ్డులోని రక్తనాళంలోకి సన్నని గొట్టం వేశారు. దాని కొస గుండె దగ్గర దాకా పోతుంది. మందులు, గ్లూకోజు అందులోంచే ఎక్కించారు.

పదో రోజు బిడ్డ నీరసపడింది. ఒళ్లు ఒకసారి చల్లబడేది, ఒకసారి కాలేది. మధ్యమధ్య ఊపిరి ఆగేది. రక్తం పరీక్ష చేశారు. గుండెకు స్కానింగు తీశారు. లోపల చిన్న గడ్డ ఉంది. బూజు గడ్డ!

"బూజేంటి డాక్టరుగారూ? అది ఊరగాయ జాడీకి కదా పట్టేది!" అంది అత్త.

మంచి ప్రశ్నే అడిగింది. బూజుల్లో చాలా రకాలున్నాయి. ఇది కాండిడా అనే రకం. మన చర్మం మీద, నోట్లో, పేగుల్లో ఉంటూనే ఉంటుంది. కొందరు చంటిపిల్లల నాలుక మీద తుడిచినా పోని తెల్లపూత వస్తుంది. అదీ దీని పనే. నెలలు నిండిన బిడ్డకు మామూలుగా అంతకు మించి ఏమీ కాదు. నెలలు నిండని బిడ్డ చర్మం ఉల్లిపొరలా పల్చన. రోగాన్ని ఎదిరించే బలం తక్కువ. యాంటిబయాటిక్ మందులు ఎక్కువ రోజులు వాడితే పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కూడా చస్తాయి. బూజు మాత్రం ఆ మందులకు చావదు. దానికి చోటు దొరుకుతుంది. రక్తంలో కలుస్తుంది. గొట్టాన్ని పట్టుకుని జిగురులా పెరుగుతుంది. ఈ జబ్బు అరుదు. వస్తే ప్రాణం మీదికే వస్తుంది. అట్లాగని గొట్టం వేయడం తప్పు కాదు. అది లేకపోతే ఆ బిడ్డ అన్ని రోజులు ఉండేదే కాదు.

డాక్టర్లు గొట్టం తీసేశారు. బూజును చంపే ఆంఫోటెరిసిన్ మందు మొదలుపెట్టారు. దాంతో మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. అందుకే తరచూ రక్తం పరీక్ష చేస్తారు. మందు కనీసం 6 వారాలు వాడాలన్నారు. కొందరికి ఆపరేషను కూడా చేయాల్సి వస్తుంది.

కోడలు పాలు పిండి ఇచ్చేది. నర్సు ఆ పాలు సన్నని గొట్టంతో బిడ్డ కడుపులోకి పోసేది. చేతులు కడుక్కోనిదే బిడ్డను ముట్టుకోనివ్వలేదని అత్తకు నర్సు మీద కోపం. నర్సు చేసిందే సరి. కాండిడా చేతుల నుంచి కూడా అంటుతుంది.

నాలుగు వారాలయ్యేసరికి భర్త "బిడ్డ బాగానే ఉందిగా, కూలి పోతోంది, ఇంటికి పోదాం" అన్నాడు. కోడలు మంచం దగ్గరి కాగితం తీసింది. తేదీలు కూడబలుక్కుని చదివింది.

"ఇంకా 14 రోజులుంది. నువ్వు పోయి రా" అంది.

42వ రోజు స్కానింగులో గడ్డ కనిపించలేదు. బిడ్డ రెండు కిలోలకు దగ్గరపడింది. వారం తర్వాత ఇంటికి పంపారు. నెల తిరిగేసరికి మళ్లీ స్కానింగుకు రమ్మన్నారు. ఆ తేదీని కోడలే గోడ మీద బొగ్గుతో రాసుకుంది.