గాలిమర రెక్క దేనితో చేస్తారు?

పిల్లలూ, ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఒకటుంది: మన్నిక. అమ్మమ్మ కొట్లో చీరను చేత్తో పట్టుకుని చూసి, "ఇది మన్నుతుందా?" అని అడుగుతుంది. ఎన్నాళ్లు వాడినా చెడిపోకుండా ఉంటుందా అని దాని అర్థం. అలా ఉండే గుణమే మన్నిక.

మాది అనంతపురం వైపు. అక్కడ రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు ఉన్నాయి. ఇక్కడ అల్ నహ్దాలో మా బాల్కనీ నుంచి చూస్తే ఒక్కటీ కనిపించదు. కానీ ఈ దేశంలోనూ ఉన్నాయి. 2023 అక్టోబరులో మస్దార్ సంస్థ నాలుగు చోట్ల గాలిమరలు ప్రారంభించింది. అవి సర్ బనియాస్ దీవి, డెల్మా దీవి, అల్ సిలా, ఫుజైరాలోని అల్ హలా. నాలుగూ కలిపి 103.5 మెగావాట్లు.

ఈ సంగతి చెప్తుంటే శనివారం క్లాసులో ఒక బాబు అడిగాడు: "ఆంటీ, రెక్కలు ఇనుముతో చేస్తే సరిపోతుంది కదా? అదే కదా స్ట్రాంగ్?"

మంచి ప్రశ్న. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా మొదట ఉక్కునే వాడి చూశారు.

ఉక్కు రెక్క కథ

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 1941లో ఒక పెద్ద గాలిమర పెట్టారు. దానికి రెండు ఉక్కు రెక్కలు. ఒక్కోటి దాదాపు 8 టన్నులు! రెక్క మొదట్లో ఒకచోట బలం తక్కువగా ఉందని తర్వాత తెలిసింది. కానీ అది యుద్ధకాలం, బాగుచేయడం కుదరలేదు. 1945 మార్చిలో ఒక రెక్క విరిగి పడిపోయింది.

చేసి చూద్దాం: ఒక పేపర్ క్లిప్పును విప్పి, ఒకేచోట అటూ ఇటూ వంచండి. (కొస గుచ్చుకుంటుంది, పెద్దవాళ్లు పక్కన ఉండాలి.) ఒకసారి వంచితే ఏమీ కాదు. కొన్నిసార్లు వంచాక పుటుక్కున విరుగుతుంది. దీన్నే లోహం అలసట అంటారు.

గాలిమర రెక్క కూడా ఇలాగే వంగుతుంది. పైకి వెళ్లేటప్పుడు ఒకవైపు, కిందికి దిగేటప్పుడు ఇంకోవైపు, తన బరువుకు తానే. రెక్క ఎంత బరువుంటే అంత కష్టం. నిమిషానికి 10 చుట్ల చొప్పున ఆగకుండా తిరిగితే, 20 ఏళ్లలో 10 కోట్ల చుట్లు దాటుతాయి! అందుకే రెక్క తేలికగా ఉండాలి. వంగినా అలసిపోకూడదు.

మరి దేనితో చేస్తారు?

గంజి పెట్టిన నూలు చీర చూశారా? ఉత్త బట్ట మెత్తగా ఉంటుంది. ఉత్త గంజి ఎండితే పొడిపొడిగా రాలిపోతుంది. రెండూ కలిస్తే చీర బిర్రుగా నిలబడుతుంది. రెక్క కూడా అంతే. గాజును సన్నని దారాలుగా తీసి, బట్టలా పొరలు పొరలుగా పరుస్తారు. వాటిలోకి ఎపాక్సీ లాంటి జిగురు ఎక్కించి గట్టిపడనిస్తారు. ఇదే ఫైబర్‌గ్లాస్. మధ్యలో కొన్నిచోట్ల బాల్సా అనే చాలా తేలికైన కట్టె పెడతారు. అది మన బూరుగుచెట్టుకు చుట్టం. చాలా పొడవైన రెక్కల్లో ఇంకా తేలికైన కార్బన్ దారాలు కూడా వాడతారు.

ఎండ, ఇసుక, పిడుగు

రెక్క కొస గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరగగలదు. ఆ వేగంలో వాన చినుకు, ఇసుక రేణువు కూడా రాయిలా తగులుతాయి. మన బాల్కనీలో రోజూ పేరుకునే ఇసుక గుర్తుందిగా! అందుకని రెక్క ముందు అంచుకు గట్టి పూత వేస్తారు. ఎండకు పాడవకుండా పైన రంగు వేస్తారు. పిడుగు పడితే కరెంటు నేలలోకి పోవడానికి కొసన లోహపు ముక్క పెట్టి, లోపల తీగ వేస్తారు.

ఒక చిక్కు

బెల్లం పాకం గట్టిపడినా వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు అవుతుందా? అవ్వదు. రెక్కలోని జిగురు కూడా గుడ్డు లాంటిదే. అందుకే పాత రెక్కల్ని కరిగించి కొత్తవి చేయలేరు. అమెరికాలో చాలా రెక్కల్ని నేలలో పాతిపెట్టారు. 2021లో సీమెన్స్ గమేసా అనే కంపెనీ జిగురును విడదీయగలిగే రెక్కను తెచ్చింది. ఎక్కువకాలం మన్నే వస్తువుని ఎంచుకునేటప్పుడు, దాని పని అయిపోయాక ఏం చేస్తామో కూడా ముందే ఆలోచించాలి.

కొత్త మాటలు

మన్నిక – ఎక్కువకాలం చెడకుండా ఉండటం
కొస – చివర
బిర్రుగా – వదులు లేకుండా, గట్టిగా
రేణువు – చాలా చిన్న కణం

జవాబులు రాయండి

1. పేపర్ క్లిప్పు ఎందుకు విరిగింది?
2. గంజి పెట్టిన చీరకూ గాలిమర రెక్కకూ పోలిక ఏమిటి?
3. ఆ బాబుకు మీరైతే ఏం జవాబు చెప్తారు? మూడు వాక్యాల్లో రాయండి.
4. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, "మీ ఇంట్లో అన్నిటికన్నా బాగా మన్నిన వస్తువు ఏది?" అని అడగండి. అది దేనితో చేశారో కూడా అడిగి, వచ్చే శనివారం క్లాసులో చెప్పండి.