తమ్ముడి పొలానికి ఒక దీర్ఘం



చేవెళ్లలో దస్తావేజులు రాసే పనిలో కుదిరావని మీ నాయన చెప్పిండు, సంతోషం. “అక్షరం అటూ ఇటూ అయితే ఏమైతది, మతలబు తెలిస్తే చాలు కదా” అన్నావట. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అది నిజమే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత బ్యాంకులోనో కోర్టులోనో ఆ కాగితం చదివే మనిషికి అడగడానికి నువ్వుండవు.

అన్నదమ్ములు పొలం పంచుకుంటే సర్వే నంబరుకు బై నంబర్లు పడతాయి. అన్నది 112/అ, తమ్ముడిది 112/ఆ అనుకో. రెంటికీ మధ్య తేడా ఒక్క దీర్ఘమే. టైపింగులో అది పోతే తమ్ముడు అమ్మిన భూమి కాగితం మీద అన్నదైపోతుంది. మీ చేవెళ్ల వైపు అంతా పట్నం పక్క భూమి కదా, అక్కడ గుంట కోసం కూడా కోర్టుకెక్కుతారు.

విస్తీర్ణం దగ్గర చుక్కతో మరీ జాగ్రత్త. పాసుబుక్కులో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. కొత్తవాడు దాన్ని దశాంశంగా చదివితే రెండెకరాల ఎనిమిది గుంటలే అవుతుంది. గుంటకు 121 గజాల లెక్కన 1,452 గజాలు మాయం. అంకెల పక్కనే అక్షరాల్లోనూ రాయాలి.

వ్యాకరణమూ అంతే. “రాములన్న కొడుకు” అని రాస్తే వారసుడు రాములు కొడుకా, రాములుకు అన్న అయినవాడి కొడుకా? ఊళ్లో అందరికీ తెలుసు, జడ్జికి తెలియదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైం చట్టంలో ఒక కామా లేకపోవడంతో అర్థం తేలక, 2017లో అప్పీలు కోర్టు పాల కంపెనీ డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

పాత కాగితాల్లోని పేర్లతో ఇంకో చిక్కు. నిజాం కాలపు సేత్వార్లు, అంటే భూముల సర్వే రికార్డులు, ఉర్దూలో ఉన్నాయి. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి ఒకే తాత పేరు తెలుగులో రెండు మూడు రకాలుగా దిగుతుంది. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పాసుబుక్కుల్లో తప్పుల సవరణకు టీఎం-33 అనే మాడ్యూలే పెట్టాల్సి వచ్చింది. 2025లో ధరణి స్థానంలోకి భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా, ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి రైతు పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అందుకే పేరును ఆధార్, పాసుబుక్కు రెండూ పక్కన పెట్టుకుని రాయి. సంతకానికి ముందు మొత్తం పార్టీకి చదివి వినిపించు, హద్దులైతే రెండుసార్లు. నీ చిత్తు ప్రతులు నాలుగు పంపించు, చూసి గుర్తులు పెట్టి పంపుతాను.

మీ పెద్దనాయన